ఖాజీపేట రాక్ బ్యాండ్ టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కించిన పని డైరీ

పని ఇది: 1991, 92లలో ఖాజీపేటలో ఏడాదికి కొంచెం పైన బతికిన ఒక రాక్ బ్యాండు ప్రాక్టీసు క్యాసెట్లు తొమ్మిది. ఏడు సీ-60లు, రెండు సీ-90లు. స్టూడియో మొహం చూడని బ్యాండు. రైల్వే క్వార్టర్ల వెనక రేకుల షెడ్డులో, ఒక టూ-ఇన్-వన్ (రేడియో, టేపు రికార్డరు కలిసిన పెట్టె) మైకుతో చేసుకున్న రికార్డింగులే దానికి మిగిలిన ఆస్తి. బ్యాండు పేరు రాయడం లేదు, సభ్యుల్లో ఇద్దరికి ఇష్టం లేదు. గిటార్ మా చిన్న మేనమామ. బేస్ వాయించినాయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. డ్రమ్స్ ఆయనకు ఇప్పుడు టెంట్ హౌస్ ఉంది. కీబోర్డు వాయించినామె ఫాతిమానగర్‌లో టీచరు.

మీ ఇంటి అటక మీద ఇట్లాంటి డబ్బా ఉంటే దశలవారీగా చూసుకోండి. తొందరలో ఉంటే ఐదో దశ ఒక్కటి చదవండి. టేపు వేగం సరిచేయడానికి బయటి దేశాలవాళ్లు చెప్పే చిట్కా మన పాత టేపుల మీద ఎందుకు పారదో అక్కడ ఉంది.

దశ 1: వేరుచేయడం

ముందు ఏదీ ప్లే చేయొద్దు. బూజు పట్టిన టేపు ఒక్కటి డెక్కులో తిరిగితే హెడ్డుకు (టేపును చదివే భాగం), రోలరుకు అంటి తర్వాతి క్యాసెట్లకు పాకుతుంది. కిటికీ దగ్గర వెలుతుర్లో పట్టుకుని చూస్తే చాలు. టేపు చుట్ట అంచున తెల్లటి పొడి కనిపిస్తే అది బూజే.

లెక్క తేలింది ఇట్లా: బాగున్నవి 4, బూజువి 3, టేపు తెగింది 1, ప్రెజర్ ప్యాడ్ (టేపును హెడ్డుకు ఆనించే మెత్తటి ముక్క) ఊడింది 1.

తొమ్మిదింటిలో రెండు అసలు సినిమా పాటల క్యాసెట్లు. వెనక విరిగిన ట్యాబు రంధ్రంలో కాగితం కుక్కి, పైన సెల్లోటేప్ వేసి, వాటి మీదే రికార్డు చేశారు. ఖాళీ క్యాసెట్టు కొనే డబ్బుల్లేక అలా చేశారట. ఆ సెల్లోటేప్ జిగురు కారి డెక్కులో అంటుకుంటుంది, ముందే గీకి తీసేయండి. ఆ రంధ్రం మళ్లీ మూయకండి. తెరిచి ఉన్నంతసేపూ పొరపాటున రికార్డు బటన్ నొక్కినా టేపు చెరగదు.

ఖర్చు: 0. దక్కిన నిమిషాలు: 0.

దశ 2: డెక్కు

మేం పాతది ఒక త్రీ-హెడ్ డెక్కు తెచ్చాం, 3,500 రూపాయలు. నడవలేదు. మూత తీస్తే బెల్టు నల్లటి తారులా కరిగి పుల్లీలకు పట్టేసి ఉంది. ముప్పై ఏళ్ల డెక్కులకు ఇది మామూలే, భయపడొద్దు.

1. తారును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మెడికల్ షాపు స్పిరిట్‌లో నీళ్లుంటాయి, వద్దు.
2. పాత బెల్టు దొరక్కపోతే దారాన్ని పుల్లీల చుట్టూ తిప్పి పొడవు కొలవండి. అంతకంటే నూటికి ఐదు వంతులు తక్కువ పొడవున్న బెల్టు కొనండి. మాకు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికింది.
3. హెడ్డుకు, క్యాప్స్టాన్‌కు (టేపును లాగే లోహపు కడ్డీ) ఆల్కహాల్ వాడండి. రబ్బరు పించ్ రోలరుకు మాత్రం సబ్బు నీళ్లే. ఆల్కహాల్ తగిలితే రబ్బరు గట్టిపడి పగులుతుంది.
4. వేగం: 3,000 హెర్ట్జ్ టోన్ ఉన్న టెస్ట్ టేపు ప్లే చేసి ఎంత చూపిస్తుందో చూడండి. మాది 3,041 చూపించింది, అంటే 1.4 శాతం ఎక్కువ. మోటారు వెనక చిన్న రంధ్రంలో సన్న స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పితే వేగం మారుతుంది. 3,002 దగ్గర ఆపాం.

టెస్ట్ టేపు 1,900 రూపాయలు. దండగనిపించింది కానీ ఇది లేకుండా ఐదో దశ లేదు. డెక్కు సరిగా తిరుగుతోందని తెలియకపోతే తేడా డెక్కుదో పాత రికార్డరుదో చెప్పలేం.

ఖర్చు: డెక్కు 3,500 + బెల్టులు 350 + ఆల్కహాల్ 280 + టెస్ట్ టేపు 1,900 = 6,030.

దశ 3: బాగున్న నాలుగు

ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలోకి తీగ పెట్టొద్దు, అది లైన్ ఇన్‌పుట్ కాదు. యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి అడిగి తెచ్చాం. 24-బిట్, 96 కిలోహెర్ట్జ్. స్టీరియోలో గంటకు దాదాపు 2 జీబీ అవుతుంది, ఎఫ్‌ఎల్‌ఏసీ (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రకం) చేస్తే తగ్గుతుంది. పెద్ద దెబ్బలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ పెట్టాలి. డాల్బీ (టేపు సుయ్ శబ్దాన్ని తగ్గించే ఏర్పాటు) ఆఫ్‌లో ఉండాలి. టూ-ఇన్-వన్‌లో డాల్బీ లేదు, ఇక్కడ ఆన్ చేస్తే ఉన్న కాస్త తళుకూ పోతుంది.

ఎక్కువ సమయం తిన్నది అజిముత్, అంటే టేపుకు హెడ్డు తగిలే కోణం. రికార్డు చేసిన హెడ్డు ఒక కోణంలో, మన డెక్కు హెడ్డు ఇంకో కోణంలో ఉంటే హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) మొద్దుబారుతుంది. హెడ్డు పక్కన స్ప్రింగుతో ఉన్న స్క్రూ తిప్పి సరిచేయాలి. ముందు దాని అసలు స్థానం మార్కరుతో గీసుకోండి. రెండు చానెళ్లనూ మోనోగా కలిపి వింటూ, పైస్థాయి శబ్దం ఎక్కడ బాగా వస్తుందో అక్కడ ఆపండి. పాత రికార్డరు మోనో కాబట్టి రెండు చానెళ్లలో ఉన్నది ఒకే సంగీతం. కోణం కుదిరాక రెంటినీ కలిపితే హిస్ (టేపు సుయ్ శబ్దం) 3 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. కుదరకముందే కలిపితే తాళాల మోత రంపం కోసినట్టు వస్తుంది. ప్రతి క్యాసెట్టుకూ, ఒక్కోసారి ప్రతి వైపుకూ ఈ పని మళ్లీ చేయాలి.

చేయలేనిది ఒకటుంది. టూ-ఇన్-వన్‌లో ఆటోమేటిక్ లెవెల్ కంట్రోల్ ఉంటుంది. డ్రమ్ము మీద దెబ్బ పడగానే గొంతును కిందికి నొక్కేసి, మెల్లగా మళ్లీ పైకి లేపుతుంది. దీనికి మందు లేదు. ఎన్వలప్ (లెవెల్‌ను చోటుచోటుకూ పెంచి తగ్గించే గీత) గీసి చూశాం, హిస్ ఊగడం మొదలైంది. వదిలేశాం.

దక్కిన నిమిషాలు: 118.

దశ 4: బూజు, తెగినది, ప్యాడ్ ఊడినది

బూజువాటికి మాస్కు తప్పనిసరి. పని ఆరుబయట. స్క్రూలున్న షెల్లయితే (క్యాసెట్టు ప్లాస్టిక్ డొప్ప) విప్పొచ్చు. అతికించిన షెల్లయితే అంచు వెంట కత్తితో పగలగొట్టి, టేపు చుట్టలను కొత్త స్క్రూ షెల్లులోకి మార్చాలి. పొడిగా ఉన్న మెత్తటి, నూగు రాలని గుడ్డ మధ్య నుంచి టేపును చేత్తో మెల్లగా చుడుతూ తుడిచాం. తడిగుడ్డ వద్దు. ఒక క్యాసెట్టు రెండో వైపు గోధుమరంగు పొడి రాలడం మొదలైంది. అది బూజు కాదు, టేపు మీది అయస్కాంత పూత. అక్కడే ఆపి పక్కన పెట్టాం.

తెగినదానికి స్ప్లైసింగ్ టేపు వాడాలి, వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. తెగిన కొసలు ఏటవాలుగా కోసి, వెనక వైపు మాత్రమే అంటించాలి. ఊడిన ప్యాడ్‌కు బదులు పనికిరాని క్యాసెట్టు నుంచి స్ప్రింగుతో సహా తీసి వేశాం.

ఖర్చు: స్ప్లైసింగ్ టేపు 650 + షెల్లులు 240. మొత్తం 6,920. ఇప్పటిదాకా దక్కిన నిమిషాలు, మొత్తం: 196.

దశ 5: వేగం, లేదా 50 కాని 50

చిట్కా ఏమంటే, కరెంటు మీద నడిచిన ఆంప్లిఫయర్లున్న రికార్డింగులో సన్నగా "మ్మ్" అని హమ్ ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. టేపులో హమ్ 51 దగ్గర కనిపిస్తే టేపు 2 శాతం వేగంగా తిరుగుతోందన్నమాట, తగ్గించాలి. సూటిగా ఉంది కదా.

కొలిచే తీరు, మీరూ చేసుకోవచ్చు:

1. ల్యాప్‌టాప్ చార్జరు తీసేసి బ్యాటరీ మీద ఎక్కించండి. లేకపోతే మీ గదిలోని ఇవాళ్టి హమ్ పాత హమ్‌తో కలిసిపోతుంది.
2. ఫైలు కాపీ ఒకటి తీసి 2,000 హెర్ట్జ్‌కు రీశాంపుల్ చేయండి. 96,000 మీద చూస్తే స్పెక్ట్రమ్ గడులు మరీ వెడల్పు, 49కీ 50కీ తేడా తెలియదు.
3. ఆడాసిటీలో (శబ్దం సరిచేసే సాఫ్ట్‌వేర్) పాట మొదలుకాకముందు ఉన్న నిశ్శబ్దం కనీసం 17 సెకన్లు ఎంచుకుని, ప్లాట్ స్పెక్ట్రమ్, సైజు 32768. ఇప్పుడు ఒక్కో గడి 0.06 హెర్ట్జ్.
4. 50 దగ్గరి శిఖరం బలహీనంగా ఉంటే 150 దగ్గరిది చూసి మూడుతో భాగించండి.

మొదటి టేపులో హమ్ 49.9. అంటే టేపు వేగం సరిగ్గా ఉందనుకుని ముందుకు పోయాం. నాలుగు క్యాసెట్లూ అట్లాగే చేసి మామకు వినిపిస్తే, "నా గొంతు గింత సన్నగ లేకుండె అల్లుడా" అన్నాడు. వయసులో అందరి గొంతూ సన్ననే అనుకున్నాం. టీచరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. గుడ్డలో చుట్టి దాచిన అప్పటి కాసియో కీబోర్డు తెచ్చి, పాట నడుస్తుండగా పక్కన అదే మెట్టు నొక్కింది. రెండూ కలవలేదు. వినే ఓపిక ఎవరికీ లేనంత తేడా.

ఆ కాసియోకు శ్రుతి మార్చే మీట లేదు. ట్యూనర్‌తో కొలిస్తే దాని 'ఏ' స్వరం 441 హెర్ట్జ్. టేపులో అదే మెట్టు 452. సెమీటోన్‌లో (పక్కపక్క మెట్ల మధ్య దూరం) ఇంచుమించు సగం ఎక్కువ. కాబట్టి టేపును 2.4 శాతం నెమ్మదింపజేయాలి. అట్లా చేస్తే హమ్ ఎక్కడ పడుతుంది? 49.9 కాస్తా 48.7 అవుతుంది.

తప్పు కాసియోదా, కరెంటుదా? కరెంటుదే. 1990లలో దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో కలిసి తిరిగేది కాదు. ఆ కలయిక 2013 డిసెంబరు 31న జరిగింది. కరెంటు వాడకం ఉత్పత్తిని మించితే జనరేటర్లు నెమ్మదిస్తాయి, ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. అప్పట్లో 48.5 దరిదాపుల్లో నడవడం రోజువారీ సంగతి. ఫ్రీక్వెన్సీని బట్టి రాష్ట్రాల దగ్గర డబ్బు వసూలుచేసే పద్ధతి 2003 జనవరిలో దక్షిణాదికి వచ్చాకే ఇది దారిలో పడింది. ఇప్పుడు 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలని నియమం. రామగుండంలో 2,100 మెగావాట్ల స్టేషను మన పక్కనే ఉండేది, దాని తీగలు మన పొలాల మీంచే పోయేవి. అది గ్రిడ్డు మొత్తానికి కదా, ఖాజీపేట షెడ్డుకు పక్కన ఉండి ఒరిగిందేమీ లేదు.

అంటే టేపు రికార్డరు నెమ్మదిగా తిరగడం, గ్రిడ్డు నెమ్మదిగా తిరగడం ఒకదాన్నొకటి కప్పేసి 49.9 అనే అందమైన అంకె చూపించాయి. ఇట్లాంటి అంకెను చూసినప్పుడే అనుమానించాలి.

కాసియో ఉన్న టేపుల్లో ఇన్‌లే కార్డు (క్యాసెట్టు డబ్బాలోని అట్ట) మీద బాల్‌పెన్నుతో గంట రాసినవి మూడు. మూడింటినీ కాసియోతో సరిచేశాక హమ్ ఇదీ:

- మధ్యాహ్నం: కాసియో 452, హమ్ 49.9. సరిచేశాక 48.7.
- సాయంత్రం 7: కాసియో 455, హమ్ 49.8. సరిచేశాక 48.3.
- రాత్రి 11 దాటాక: కాసియో 450, హమ్ 50.6. సరిచేశాక 49.6.

సాయంత్రం లైట్లన్నీ వెలిగే వేళ అడుగున, ఊరు పడుకున్నాక దాదాపు మామూలు. కాసియో వరస కూడా అటే పోతోంది చూడండి. సాయంత్రం ఓల్టేజీ పడిపోయి రికార్డరు మోటారు ఇంకా నెమ్మదించిందని నా అంచనా.

మార్చింది: నాలుగు క్యాసెట్ల మొదటి దిద్దుబాటంతా తీసేసి, మూల ఫైళ్ల నుంచి కాసియో కొలతతో మళ్లీ చేశాం. మూల ఫైళ్లు ముట్టుకోకుండా దాచండి అనేది ఇందుకే. మీ టేపుల్లో కీబోర్డు లేకపోతే శ్రుతి మారని ఇంకేదైనా వెతకండి. 2003కు ముందు దక్షిణాదిలో చేసిన రికార్డింగుకు 50ని మాత్రం కొలబద్దగా పెట్టుకోకండి.

దశ 6: సెల్స్ మీద నడిచిన పాటలు

'మిల్లు సైరన్' అని రాసిన పాట మూడో క్యాసెట్టులో ఉంది. 1934లో మొదలైన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు అప్పటికే దిగజారుతోంది, డ్రమ్స్ ఆయన వాళ్ల నాయన అందులోనే పనిచేసేవాడు. పాట నడుస్తూ రెండో చరణంలో కరెంటు పోయింది. గిటారు, బేసు, కాసియో, హమ్ అన్నీ ఒక్క దెబ్బకు మాయం. డ్రమ్ములు మాత్రం ఆగకుండా ఇంకో ఎనిమిది దెబ్బలు. "పాయె!" అని ఎవరో అరిచారు. రికార్డరు మాత్రం ఆగలేదు. గోడ కరెంటు పోగానే సెల్స్ మీదికి మారే రకం అది. కొద్దిసేపు నవ్వులు, అగ్గిపెట్టె చప్పుడు. తర్వాత అదే పాట మామూలు గిటారు, డోలక్, మౌతార్గాన్‌తో మళ్లీ మొదలైంది. నన్నడిగితే తొమ్మిది క్యాసెట్లలో ఇదే మంచి టేకు. ఆంప్లిఫయర్ గోలలో వినిపించని మాటలు ఇందులో వినిపిస్తాయి.

చిక్కేమంటే సెల్స్ అరిగేకొద్దీ మోటారు నెమ్మదించింది. ఇవాళ సరైన వేగంతో ప్లే చేస్తే పాట పోనుపోను శ్రుతి ఎక్కుతుంది. కాసియో లేదు, హమ్ లేదు. మౌతార్గాన్ ఉంది. దాని రీడ్లకు కరెంటుతో పనిలేదు, డ్రమ్స్ ఆయన దగ్గర ఇంకా ఉంది. ఇప్పుడు కొలిస్తే దాని 'జీ' 393. టేపులో పాట మొదట్లో 399, చివర్లో 421.

1. ఆడాసిటీలో టైమ్ ట్రాక్ (వేగాన్ని మార్చే గీత) పెట్టి, హద్దులు 90 నుంచి 110.
2. మొదట 98.5 శాతం, చివర 93.3 శాతం, మధ్యలో వంపు లేని తిన్నటి గీత.
3. వింటే నడుమ పాట కిందికి దిగిపోయింది. సెల్స్ సమంగా అరగవు, ముందు మెల్లగా, చివర్లో గబగబా పడిపోతాయి.
4. గీతను వంచాలి. మధ్యలో గిటారు ఒట్టి తీగ మోగిన చోట్లు వెతికి, ఒక్కో చోట ఒక్కో బిందువు పెట్టాం.

ఇప్పుడు నిలబడింది. చివరి అర నిమిషం కొంచెం ఊగుతోంది, ఉండనిచ్చాం.

దశ 7: హమ్ తీయాలా

50 దగ్గర నాచ్ ఫిల్టర్ (ఒక్క ఫ్రీక్వెన్సీని కోసేసేది) పెడితే ఏమీ కాలేదు, ఎందుకంటే హమ్ 50లో లేదు. 48.7 దగ్గర పెడితే పోయింది. బేస్ మామకు పంపిస్తే గంటలో ఫోన్: "నా జీ ఏడవోయింది?" బేసు గిటారు లావు తీగ మూడో మెట్టు 'జీ' 49.0 హెర్ట్జ్, దాని పై గుణిజం 98. హమ్ 48.7, దాని గుణిజం 97.4. ఒకదాన్ని కోస్తే రెండోది తెగుతుంది. ఆ పాట మొత్తం జీ మీదే నిలబడింది మరి.

నాయిస్ రిడక్షన్ 12 డెసిబెల్స్ పెడితే హై-హ్యాట్ నీళ్ల బిందెలో ముంచి కొట్టినట్టయింది. 4 డెసిబెల్స్ దగ్గర ఆపాం. హమ్ అట్లాగే ఉంచాం. రైలు కూతలు, మధ్యలో "టైమెంతైంది, మల్ల తనిఖీ ఉంటది" అనే మాటలు కూడా ఉంచాం. 1992 మేలో పీపుల్స్‌వార్‌ను నిషేధించిన రోజుల టేపు అది. రాత్రి గిటారు పెట్టె మోసుకుపోతే దారిలో తెరిచి చూపించాల్సి వచ్చేదట. అందుకే చివరి టేపులన్నీ మధ్యాహ్నానివే.

దశ 8: ఉత్తరంగా మారిన క్యాసెట్టు

ఒక సీ-60 రెండో వైపు పాట సగంలో తెగి, మా అమ్మమ్మ గొంతు మొదలవుతుంది. మామ మస్కట్ పోయాక, అంటే బ్యాండు ఆగిపోయాక, ఇంట్లో దొరికిన క్యాసెట్టు మీద మాటల ఉత్తరం నింపి పంపింది. గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో అప్పుడు ఇది మామూలే. ఆమె మాట ఆపిన చోట అడుగున చాలా సన్నగా డ్రమ్ములు వినిపిస్తాయి. రికార్డరు పాతదాన్ని పూర్తిగా చెరపలేకపోయింది. పెంచి తీసే ప్రయత్నం చేయలేదు. పెంచితే ఆమె మాటలు పగిలిపోతాయి, ఆ పాట వేరే టేపులో ఎట్లాగూ ఉంది. ఈ వైపు పంచిపెట్టే ఫైళ్లలో లేదు, మామకు విడిగా ఇచ్చాం.

మీకూ ఇట్లాంటివి తగులుతాయి. క్యాసెట్టు మీద రాసినదాన్ని నమ్మి తొందరపడి వదిలేయకండి, రెండు వైపులా చివరిదాకా తిప్పండి.

ఇప్పటి లెక్క

ఖర్చు 6,920. బ్యాండు సంగీతం 196 నిమిషాలు, సొంత పాటలు 6. మూల ఫైళ్లు ఒక ఫోల్డరు, సరిచేసినవి ఇంకో ఫోల్డరు, రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు ఇళ్లల్లో. ప్రతి ఫైలు పేరులో క్యాసెట్టు నంబరు, వైపు, కాసియో కొలత, హమ్ కొలత పెట్టాం. రేపు ఎవరికైనా మా దిద్దుబాటు నచ్చకపోతే వాళ్ల లెక్కతో మళ్లీ చేసుకోవచ్చు.

మిగిలింది: పూత రాలుతున్న ఆ ఒక్క వైపు. సిలికా జెల్ ప్యాకెట్‌తో మూసిన డబ్బాలో ఉంది, దాన్ని ఇంట్లో ముట్టుకోం. మంచిర్యాలలో డ్రమ్స్ ఆయన బంధువుల దగ్గర ఇంకో సీ-90 ఉందంటున్నారు. అందులో కాసియో ఉందో లేదో ముందు కనుక్కోవాలి.